విద్యాపీఠమునకు సామాన్యముద్ర

విశ్వవిద్యాలయ మొక్కటి, దానియందలి శాఖలు ముప్పది. ఆ శాఖలనుండి వెలువడు కాగితములను ఒక బల్లమీద పరచి చూచినచో నవి ముప్పది వేర్వేరు సంస్థలనుండి వచ్చినవని తోచును. ఒక శాఖవారి యాహ్వానపత్రికపై పీఠచిహ్నము నీలవర్ణమున నుండును. పొరుగుశాఖవారి ప్రశంసాపత్రముపై నా చిహ్నమే యెఱ్ఱబాఱును. మూడవ శాఖవారు చిహ్నమును బొత్తిగా విడిచి, ఒక పుస్తకమును, ఒక దీపమును, ఒక భూగోళమును జేర్చి తమకై తామే యొక బొమ్మను గల్పించుకొందురు. నాలుగవ శాఖవారి ఫ్లెక్సీమీద గుండ్రని ముద్ర ప్రక్కలకు సాగి కోడిగ్రుడ్డువలె గానవచ్చును. పీఠము పేరు సైతము ఒకచోట తెలుగునను, ఒకచోట నింగ్లీషునను, వేఱొకచోట పొడియక్షరములలోను నుండును.

ఇది యలంకారవిషయమనియు, కరవు, వలస, త్రాగునీరు మొదలగు కష్టములు మన ప్రాంతమును పీడించుచుండగా పత్రికయందు దీనికి తావిచ్చుట తగదనియు కొందఱు మిత్రులు మాతో ననిరి. వారితో మేమేకీభవింపజాలము. వలసపోవు బిడ్డ చేత నుండు కాగితమును గూర్చియే మేము వ్రాయుచున్నాము.

మార్కాపురము, గిద్దలూరు, కంభము, యర్రగొండపాలెము ప్రాంతముల విద్యార్థికి విశ్వవిద్యాలయమనగా భవనములు గావు, ఉద్యానవనములు గావు, మహాపండితుల దర్శనమును గాదు. అతడు తన యూరి కళాశాలలోనో పొరుగుపట్టణపు కళాశాలలోనో చదివి, పరీక్ష వ్రాసి, పట్టము పుచ్చుకొనును. పీఠమును కన్నులార జూచు నవకాశము పలువురకు స్నాతకోత్సవమునాడైనను గలుగదు. వారికి విశ్వవిద్యాలయమనగా కాగితము: హాలుటిక్కెట్టు, మార్కుల జాబితా, ప్రొవిజనలు సర్టిఫికెట్టు, శాఖాధ్యక్షుని యుత్తరము. ఈ కాగితములను సంచిలో బెట్టుకొని యతడు హైదరాబాదునకో, బెంగుళూరునకో, చెన్నపట్టణమునకో పోవును. అచట నాతని నెఱిగినవారు లేరు. తండ్రి పేరు చెప్పిన గుర్తుపట్టువారు లేరు. గిద్దలూరు ఏ దిక్కున నున్నదో తెలియని గుమాస్తా యొకడా కాగితమును దిరుగవేసి చూచును. ఆ నిమిషమున నా చిహ్నమే యాతనికి బంధువు. ఆ ముద్రయే సాక్షి. పలుకుబడి గలవారికి సిఫారసు లుండును. మెట్టపొలము దున్నుకొను రైతు కుమారునకు కాగితము దప్ప మఱేమి గలదు?

మేము న్యాయవాదులము గనుక నిట్టి కాగితములు మా బల్లమీదికి వచ్చుచుండును. కొన్ని యేండ్ల క్రిందట నొక యువకుడు మాయొద్దకు వచ్చెను. పరరాష్ట్రమున నొకచోట కొలువు కుదిరినది. పత్రములు పరిశీలనకు బోయినవి. మార్కుల జాబితామీది చిహ్నమునకును శాఖవారిచ్చిన యుత్తరముమీది చిహ్నమునకును పోలిక లేదు. పీఠము పేరు రెండింటను రెండు విధములుగ వ్రాయబడినది. రబ్బరుముద్రలో శాఖ పేరు మూడవ విధముగ నున్నది. పత్రములన్నియు నిజమైనవే. అయినను పరిశీలించువారికి సందేహము గలిగెను. సందేహము వారిది, దానిని దీర్చు భారము వీనిది. ఉత్తరములు, ప్రయాణములు, అఫిడవిట్లు, నోటరీ సంతకములు — ఇట్లు నెలలు గడచినవి. ఆ లోపల కొలువు మఱియొకరి పాలయ్యెను. ఆ పీఠము పేరిచట ననవసరము. ఏ గుమాస్తాయు దురుద్దేశముతో జేసినది గాదు. శాఖ కంప్యూటరులో దొరికిన బొమ్మను అంటించి యచ్చొత్తించెను, అంతియే. కాని యా "అంతియే" యను మాట యొక కుటుంబమునకు రెండేండ్ల జీతమయ్యెను.

దీనికి రెండవ ముఖము గలదు. నకిలీ పట్టముల వ్యాపారమును గూర్చి పత్రికలలో జదువనివారు లేరు. ఒక పీఠమువారి నిజమైన పత్రమే పది రూపములతో లోకమున సంచరించుచున్నప్పుడు, పదునొకండవ రూపముతో వచ్చినదానిని మోసమని యేల పోల్చగలము? రూపము స్థిరముగ నున్నచోట వంచకుడు దానినే యనుకరింపవలెను. ఆ యనుకరణమున నెచటనో యొకచోట చిక్కును. రూపమే స్థిరము గానిచోట వాని కనుకరింప వలసిన పనియే లేదు. మన శాఖలవారు తెలియకయే వంచకుల పనిని సులభము గావించుచున్నారు.

చట్టమేమి చెప్పుచున్నదో చూతము. విశ్వవిద్యాలయములను స్థాపించు శాసనములన్నిటను దాదాపుగ నొకే వాక్యము కనబడును. మన రాష్ట్రపు పీఠములకు వర్తించు 1991 నాటి ఆంధ్రప్రదేశ్ విశ్వవిద్యాలయముల చట్టమును దీనికి భిన్నము గాదు. విశ్వవిద్యాలయము శాశ్వతపరంపరయు సామాన్యముద్రయు గల యొక సంఘటితసంస్థ యని దాని తాత్పర్యము. ఉపాధ్యక్షులు మాఱవచ్చును, ఆచార్యులు విరమింపవచ్చును, విద్యార్థులు వచ్చి పోవుచుండవచ్చును. సంస్థ మాత్రము చావదు. చావని యా వ్యక్తికి చేవ్రాలు చేయుటకు చేయి లేదు గనుక ముద్ర నిచ్చిరి. ఆ ముద్ర సామాన్యము, అనగా నందఱకును జెందినది. ఏ యొక్కరిదియు గాదు. శాఖకు ప్రత్యేకవ్యక్తిత్వము లేదు. అది తన పేర దావా వేయజాలదు, ఆస్తి గొనజాలదు. వ్యక్తిత్వము లేనిదానికి వేఱు ముద్ర యెక్కడిది? శాఖ యను మాటలోనే సమాధాన మున్నది. కొమ్మ తన చెట్టు ఆకునే తొడుగవలెను గాని, వేపకొమ్మకు మామిడాకులు కట్టినంతమాత్రమున నది మామిడికొమ్మ గాదు.

కొన్ని శాఖలవారు గౌరవము హెచ్చునని తలంచి, కాగితముల తలమీద సారనాథ సింహశీర్షమును ముద్రించుచున్నారు. దాని నెవరు వాడవచ్చునో, ఎవరు వాడరాదో 2005 నాటి చట్టమును 2007 నాటి నిబంధనలును నిర్ణయించుచున్నవి. అది గౌరవమునకై ఎవరైనను ధరింపదగిన నగ గాదు.

ఈ జ్ఞానము మనకు పడమటినుండి దిగుమతియైనదని యెవరైనను తలంతురేమో. వేంగీ చాళుక్యుల తామ్రశాసనములను జూడుడు. రాగిరేకుల నొక యుంగరమునకు గుచ్చి, ఆ యుంగరపు కొనలు గలియుచోట ముద్ర నమర్చిరి. వరాహము, సూర్యచంద్రులు, అంకుశము, "శ్రీత్రిభువనాంకుశ" యను నక్షరములు. రాజులు మాఱిరి, దానము లిచ్చిన గ్రామములు మాఱినవి, శాసనమును రచించిన కవులును చెక్కిన శిల్పులును మాఱిరి. ఈ యక్షరములతోడి ముద్ర తరతరములుగ నిలచెను. దానము పుచ్చుకొన్నవాని మనుమని మనుమడు ఆ రేకులను దెచ్చి చూపినప్పుడు, అధికారి మొదట చదువునది రేకులను గాదు, ముద్రనే. మా వృత్తివారికి దీనికంటె పాతదియు, దీనికంటె మేలైనదియు నగు నుదాహరణము దొరకదు.

ఆంధ్రవిశ్వకళాపరిషత్తు 1926వ సంవత్సరమున బెజవాడయందు వెలసి, 1930లో వాల్తేరునకు జేరినది. దానికి మొదటి యుపాధ్యక్షులు కట్టమంచి రామలింగారెడ్డిగారు. ఆ పరిషత్తు చిహ్నమును చిత్రకారులు కౌతా రామమోహనశాస్త్రిగారు రెడ్డిగారి సలహాసహాయములతో రూపొందించిరి. అందు ఉదయించు సూర్యుడు గలడు, పద్మము గలదు, స్వస్తిక గలదు, ఇరువైపుల నాగములు గలవు, ఉపనిషద్వాక్య మొకటి గలదు. సూర్యుడు విశ్వవిద్యాలయమనియు, ఆ సూర్యునినుండి వెలువడు వెలుగు వివిధవిద్యాశాఖలనియు పరిషత్తువారే దానికి వివరణ మిచ్చియున్నారు. పాఠకులు దీనిని గొంచెము యోచింపవలెను. శాఖలను చిహ్నములోపలనే నిలిపిరి! భౌతికశాస్త్రమునకొక కిరణము, చరిత్రకొక కిరణము, తెలుగునకొక కిరణము. కిరణము సూర్యుని విడిచిపోయి తనకొక చిన్న సూర్యుని జేసికొందునన్నచో నేమందుము? పరాయిప్రభుత్వము క్రింద నున్న దినములలో, కంప్యూటరులు లేని కాలమున, మనవా రింత యోచించి యొక చిహ్నము నిర్మించుకొనిరి. ఒక్క మీట నొక్కిన వేయి ప్రతులు సరిసమానముగ వెలువడు నీ దినములలో మనము దానిని చెదరగొట్టుచున్నాము.

మా ప్రాంతమున నీ యంశము మఱింత నొప్పి గలిగించుటకు వేఱొక కారణము గలదు. మార్కాపురము, గిద్దలూరు తాలూకాలు 1970వఱకు కర్నూలు జిల్లాలోనివి. ఆ యేట ఒంగోలు కేంద్రముగ నేర్పడిన క్రొత్త జిల్లాలో జేర్పబడినవి; ఆ జిల్లాకు 1972లో ప్రకాశముపంతులుగారి పేరు పెట్టిరి. జిల్లా మాఱినప్పుడెల్ల విద్యాపీఠమును మాఱినది. కర్నూలు జిల్లావారమై యున్నప్పుడు మా చూపు 1954లో స్థాపితమైన తిరుపతి శ్రీవేంకటేశ్వర విశ్వవిద్యాలయము వైపుండెను. 1976లో నాగార్జున విశ్వవిద్యాలయము వెలసినపిమ్మట గుంటూరు వైపు తిరిగితిమి. ఆ పీఠము పేరునకు ముందు తరువాతికాలమున "ఆచార్య" శబ్దము చేరినది. ఇటీవల ఒంగోలునందు ఆంధ్రకేసరి విశ్వవిద్యాలయము వెలసినది. ఒకే యింట తాతపట్టము ఒక ముద్రతోను, తండ్రిపట్టము వేఱొక ముద్రతోను, మనుమరాలి పట్టము మూడవ ముద్రతోను గోడకు వ్రేలాడుచున్నవన్న నందు వింత లేదు. పీఠములు మాఱుట మా చేతిలోని పని గాదు; దాని నాక్షేపింపము. కాని పీఠము మాఱనప్పుడు సైతము, ఒక పీఠమునందే, ఒక శాఖకును మఱియొక శాఖకును, ఈ యేటికిని మఱుసటి యేటికిని రూపము మాఱుచుండుట యేమి న్యాయము?

పేర్ల సంగతి చెప్పనక్కరలేదు. మా యూరు మార్కాపురము. రైలుస్టేషనులో నది మార్కాపూర్ రోడ్డు. కచ్చేరి కాగితములలో నొకచోట మార్కాపురం, వేఱొకచోట మార్కాపూర్. కంభము తెలుగున కంభమే గాని యింగ్లీషున వ్రాసినదానిని జదివిన పరాయివాడు దానిని కంబమనియు కుంబుమనియు బలుకును. శాఖవారి పత్రముమీద కళాశాల యూరిపేరు ఒక విధముగను, ఆధారుకార్డుమీద నింకొక విధముగను ఉన్నచో కుఱ్ఱవాడు రెండూళ్లవాడగును.

ఇంత గందరగోళములోను మా కండ్లయెదుట నొక చక్కని యుదాహరణము నిలిచియున్నది. గుంటూరునుండి గుంతకల్లు పోవు రైలుమార్గమున దొనకొండ, మార్కాపూర్ రోడ్డు, కంభము, గిద్దలూరు — ఏ స్టేషనునందు దిగినను పసుపుపచ్చని పలకమీద నల్లని యక్షరములు కనబడును. ఆ మార్గము మీటరుగేజినుండి బ్రాడ్‌గేజి యయ్యెను, బొగ్గుయింజనులు పోయినవి, ఎందఱో స్టేషనుమాస్టరులు వచ్చిరి, పోయిరి. "నా స్టేషనుపలకకు గులాబిరంగు వేయింతు"నని యేయొక్కరు ననలేదు. చదువురాని ముదుసలి సైతము కిటికీలోనుండి యా పసుపును జూచి "ఊరు వచ్చిన"దని మూట సవరించుకొనును. విశ్వవిద్యాలయశాఖల ఆచార్యవర్యులనుండి మేము కోరునది స్టేషనుమాస్టరు పాటించుపాటి క్రమమే.

ఇక తెలుగు మాట. 1966లో అధికారభాషాచట్టము వచ్చినది. 2008లో మన భాషకు ప్రాచీనభాషాగౌరవము లభించినది. అయినను శాఖల కాగితములమీద తెలుగు పేరు కనబడుట యరుదు. కనబడినను విఱిగిన యొత్తులతో, తలకట్టు తప్పిన గుణింతములతో కనబడును. ఇందు భాషాద్వేష మేమియు లేదు. శాఖలలోని పాత కంప్యూటరులయందు పూర్వపద్ధతి ఫాంట్లున్నవి. వానితో టైపుచేసిన తెలుగును వేఱొక కంప్యూటరులో దెఱచిన పిచ్చిగీతలు, ఇంగ్లీషు చిల్లరయక్షరములు కనబడును. ఒకసారి యట్లయిన పిమ్మట గుమాస్తా "తెలుగున బంపిన నవతలివారికి తెఱచుకొనదు" అని తీర్మానించుకొని, నాటినుండి యింగ్లీషుననే పంపును. ఇట్లు ఏ సభయందును చర్చకు రాకయే, ఏ తీర్మానమును లేకయే తెలుగు కాగితమునుండి వైదొలగుచున్నది. యూనికోడునందు 1991లో వెలువడిన మొదటి కూర్పునుండియు తెలుగున్నది. మండలి, గురజాడ, సూరన్న, రామభద్ర మొదలగు పేర్లతో చక్కని యూనికోడు ఫాంట్లు దమ్మిడీ ఖర్చులేకుండ లభించుచున్నవి. పీఠమువారు వీనిలో నొకదానిని పేరునకును, ఒకదానిని వ్రాతకును నిర్ణయించి, సిద్ధముగ నింపుకొనదగిన యుత్తరపుటచ్చును ప్రతిశాఖకును ప్రతికళాశాలకును బంపినచో, గుమాస్తాకు తెలుగున వ్రాయుట యింగ్లీషున వ్రాయుటంత సులభమగును. పైన తెలుగున పీఠము పేరు, దానిక్రింద శాఖ పేరు, ఆ పిమ్మట నింగ్లీషు. తెలుగును అడుగున జిన్న యక్షరములలో నిఱికించు పద్ధతి పోవలెను. ఏకరూపత యనగా మాకు మొదట స్ఫురించు ప్రయోజన మిదియే. చిహ్నముతోబాటు మాతృభాషయు కాగితముమీద దన స్థానమును దాను సంపాదించుకొనును.

దీనికి గొప్ప ధనము వలయునా? వలదు. చిహ్నమును గీసిన మూలప్రతి యొకటి రిజిస్ట్రారు కార్యాలయమున నుండవలెను. ఎంత పెద్దదిగ జేసినను అంచులు చెదరని రేఖారూపమున దానిని నిలువజేయవలెను. నేడు జరుగుచున్నదేమన, ఎవరో యెప్పుడో వాట్సాపునందు బంపిన గోరంత బొమ్మను బట్టి పది యడుగుల ఫ్లెక్సీకి సాగదీయుట. రంగునకు "నీలము" అనిన చాలదు. అచ్చుయంత్రము నాలుగు సిరాలు గలిపి రంగు బుట్టించును. కంప్యూటరు తెర మూడు వెలుగులను గలిపి బుట్టించును. కనుక తెరమీది నీలము కాగితముమీద నూదాయగును. రెండింటికిని సంఖ్యలు వేర్వేరుగ వ్రాసి యీయవలెను. ముద్రచుట్టు నెంత ఖాళీ విడువవలెనో, ఎంతకంటె చిన్నదిగ నచ్చువేయరాదో నిర్ణయింపవలెను. రబ్బరుముద్రలను శాఖవారు బజారులో దమంతట చేయించుకొనుట మానిపింపవలెను. ఇవి నాలుగు పుటల పుస్తకమున కెక్కువ గావు.

రంగులను గూర్చి వ్రాయువారు మఱచునది యొకటి గలదు. మా ప్రాంతమున కాగితము రంగులతో జీవింపదు. జెరాక్సు నకలుగ జీవించును. ఉపకారవేతనమునకొక నకలు, బస్సుపాసునకొక నకలు, బ్యాంకునకొక నకలు. అసలు పెట్టెలో నుండును, నకలునకు నకలు తీయబడుచుండును. సన్నని గీతలతో, బంగారువర్ణపు నీడలతో నున్న చిహ్నము మూడవ నకలునందు నల్లని మసిముద్దయగును. కావున నలుపుతెలుపులకై ప్రత్యేకముగ గీసిన రూపమే మొదట సిద్ధము గావలెను. రాజధానులలోని చిత్రకారులకు తోచనిదియు, గిద్దలూరు విద్యార్థికి నిత్యావసరమైనదియు నిదియే.

దీని కాక్షేపించువారు లేకపోలేదు. శాఖలకు స్వేచ్ఛ యుండవలదా, కళకు తావుండవలదా, అందఱకును ఒకే యంగీ తొడిగింతురా యని యొక యాచార్యులు మమ్మడిగిరి. స్వేచ్ఛను గూర్చి మాకు పాఠము చెప్పనక్కరలేదు. స్వాతంత్ర్యోద్యమమే మా విద్యాలయము. మనము స్వేచ్ఛకై యెత్తిన పతాకమునే చూతము. 1921లో బెజవాడ కాంగ్రెసు సమావేశసమయమున పింగళి వెంకయ్యగారు గాంధిమహాత్మునకు పతాకపు నమూనా నిచ్చిరి. 1931లో రంగులు కాషాయము, తెలుపు, ఆకుపచ్చగ నిర్ణయమైనవి. 1947 జూలై 22న రాజ్యాంగపరిషత్తు చరఖాకు బదులు 24 ఆకుల చక్రమునుంచి యామోదించినది. అంతటితో నూరకుండలేదు. పొడవు వెడల్పులు 3కు 2 పాళ్లనియు, రంగు లిట్టివనియు, గుడ్డ యిట్టిదనియు నిర్ణయించుచు 1951లో ప్రమాణము ప్రకటించిరి. స్వతంత్రదేశపు ప్రమాణములలో నొకటవ సంఖ్య దానికే దక్కినది. ఉక్కునకును సిమెంటునకును గాదు, పతాకమునకు! గుడ్డముక్కకు కొలతలేల యని యానాటి పెద్దలనుకొనలేదు. ఎవరికి దోచిన పసుపును వారు కాషాయమనిన నది జెండాల గుంపగును గాని జాతికి పతాకము గాదని వారికి దెలియును. ఆ ప్రమాణమువలన దేశమున నెవ్వరి స్వేచ్ఛయు దగ్గలేదు.

శాఖ తన ముద్రను విడిచినంతనే కళను విడువనక్కరలేదు. తెలుగుశాఖవారు తమ పత్రికకు ముఖచిత్రముగ తాళపత్రమును గీయించుకొనవచ్చును. భూగర్భశాస్త్రమువారు కంభముచెఱువు కట్టను గీయించుకొనవచ్చును. అది చిత్రము. ముద్ర వేఱు. ఇంటిముందు ముగ్గు ప్రతిదినమును మార్పవచ్చును; ఇంటిపేరు మార్పరు.

రంగులను అధికారులు తమ యిచ్చవచ్చినట్లు మార్చిన నేమగునో మన రాష్ట్రమున చూచియే యున్నాము. పంచాయతి కార్యాలయములకు నప్పటి పాలకపక్షపు పతాకవర్ణములు పూయగా, 2020లో నున్నతన్యాయస్థానము వానిని దొలగింపుమని యాజ్ఞాపించినది. సుప్రీముకోర్టు ఆ యాజ్ఞను నిలిపినది. ప్రజల సొమ్ముతో నిలిచిన గోడ ప్రజలందఱిదనియే దాని యర్థము. పంచాయతి గోడకు వర్తించు న్యాయము విద్యాపీఠపు కాగితమునకు వర్తింపకపోవుట యెట్లు? ఒక యుపాధ్యక్షునకు నచ్చిన రంగు, ఒక శాఖాధ్యక్షునకు నచ్చిన బొమ్మ వారితోనే వచ్చి వారితోనే పోవునట్టివైనచో, పట్టము పుచ్చుకొన్నవాడు యావజ్జీవము వాని నెట్లు మోయును?

మార్పు ఎన్నడును గూడదని మా వాదము గాదు. అయితే మార్చువారు అడిగి మార్పవలెను. 2012లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయమువారు క్రొత్తచిహ్నము నొకదానిని ప్రకటించిరి. విద్యార్థులును పూర్వవిద్యార్థులును వేలకొలది చేవ్రాళ్లతో నిరసన దెలుపగా, కొలది వారములలో దానిని విరమించుకొనిరి. ఆ దూరదేశపు పీఠమునకు ధనమునకు గొదువ లేదు, చిత్రకారులకు గొదువ లేదు. కాని చిహ్నమునకు యజమాని కార్యాలయము గాదు, పట్టము ధరించినవాడని వారికి దెలిసివచ్చెను.

పేరులేని సరుకు సంగతి మార్కాపురమువారికి దెలిసినంత మఱెవ్వరికి దెలియును? మా నేల రాతిని దొలచి చేసిన పలకలమీద దేశమున నెన్ని లక్షల బిడ్డలు ఓనమాలు దిద్దిరో లెక్క లేదు. ఆ రాతిధూళిని బీల్చి మా పనివారు రొమ్ములు చెడగొట్టుకొనిరి. చెక్కచట్టములోని యా నల్లరాతిని జూచి "ఇది మార్కాపురపు పలక" యని గుర్తించిన తండ్రులు, ఉపాధ్యాయులు నెందఱు? కాగితపుపుస్తకము వచ్చి పలకవ్యాపారము సన్నగిల్లినపుడు, మా పేరు కొఱకు కన్నీరు విడుచువారు బయట లేకపోయిరి. పేరే తెలియదు గనుక. అదే యూరి బిడ్డలు నేడు కష్టపడి సంపాదించిన విద్యయు నట్లే గుర్తు లేని సరుకై పట్టణములకు బోవుట మాకు సహింపరానిది.

ఒంగోలు పీఠము క్రొత్తది. అచటి లోపముల నెన్నుట మా యుద్దేశము గాదు. క్రొత్తది గనుకనే యచట పని సులభమని మా నమ్మకము. పాతపీఠములు అర్ధశతాబ్దపు చిక్కులను విప్పుకొనవలెను. దీనికి విప్పవలసిన ముడు లింకను బిగియలేదు. పైగా దాని పేరు ఒక న్యాయవాది బిరుదము. బారిష్టరుగ వెలిగి, ఆ వృత్తిని విడిచి, 1921లో "స్వరాజ్య" పత్రికను స్థాపించి, 1953లో ఆంధ్రరాష్ట్రమునకు ప్రథమముఖ్యమంత్రియైన టంగుటూరి ప్రకాశముపంతులుగారి బిరుదము. ఆ పేరు "ఆంధ్రకేసరి" యని కలిపి వ్రాయవలెనా, "ఆంధ్ర కేసరి" యని విడదీసి వ్రాయవలెనా యన్న చిన్న విషయమును సైతము ఒక్కసారి నిర్ణయించి, ప్రతిశాఖయు ప్రతికళాశాలయు నట్లే వ్రాయునట్లు చూచుట పెద్దలకు భారము గాదు.

మార్కాపురము, గిద్దలూరు కళాశాలల ప్రిన్సిపాళ్లు తమ కార్యాలయములనుండి వెలువడుచున్న పత్రముల నమూనాల నన్నిటిని నొక కట్టగ గట్టి రిజిస్ట్రారుగారికి బంపి, వీనిలో నేది సరియైనదని వ్రాతమూలకముగ నడుగవలెను. రిజిస్ట్రారుగారు మూలముద్రను, రంగుల సంఖ్యలను, తెలుగు ఫాంటును, ఉత్తరపుటచ్చును ఒక్కచోట జేర్చి కార్యనిర్వాహకమండలి యెదుట నుంచవలెను. పాతరూపముతో నిదివఱకు వెలువడిన పత్రములన్నియు జెల్లునని యా తీర్మానముననే స్పష్టముగ వ్రాయవలెను. లేనిచో క్రొత్తక్రమమే పాతవిద్యార్థికి క్రొత్తకష్టమగును. మండలి యెదుట నుంచుటకు ముందు మా మార్కాపురము బస్టాండువద్ద నే జెరాక్సు దుకాణమునందైన నా నమూనాకు నకలు, నకలునకు నకలు, దానికి మఱియొక నకలు తీయించి, ఆ మూడవదానిమీద పీఠము పేరు చదువ వీలగునో కాదో చూచుకొందురుగాక.